గుప్పిట గుర్తు

నా పిక్క కండరం చిరగడం ఇది రెండోసారి. అంతకుముందు భుజం, దానికంటే ముందు చీలమండ. అన్నీ షటిల్ ఆడుతూ తగిలించుకున్నవే.

"ఇంక ముక్కొక్కటే మిగిలింది. దాన్నైనా కాస్త దాచుకోండి," అంది మా ఆవిడ.

నాది కళ్ళద్దాల దుకాణం. రోజూ పొద్దున షట్టర్ ఎత్తగానే గుమ్మం ముందున్న మెట్టు అంచున నిలబడి, గోడ పట్టుకుని, మడమలు ఎత్తి దించేవాణ్ణి. ఒక్కో ఎత్తుకీ ఒక దేవుడి నామం. వంద ఎత్తమన్నది ఫిజియోథెరపీ ఆవిడ, నామాలు నేను కలుపుకున్నవి. మనసు నామం మీద ఉందా, పిక్క మీద ఉందా అని దేవుడు అడిగితే రెండింటి మీదా లేదనే చెప్పాలి. మనసు షటిల్ కోర్టు దగ్గర ఉండేది. అక్కడ నా చోట్లో ఇంకొకడు ఆడుతున్నాడు.

నా జోడీ మా తోడల్లుడు, మా మరదలి భర్త. కరెంటు పని చేస్తాడు. పదకొండేళ్ళుగా డబుల్స్ ఇద్దరం కలిసే ఆడాం. నేను కుంటడం మొదలుపెట్టాక అతను మందుల షాపాయన్ని జతకు తెచ్చుకున్నాడు. ఆయన్ని అందరూ పొడుగు అంటారు. నేను ఎగిరి అందుకునే షటిల్ ఆయన నిలబడే అందుకుంటాడు. పొద్దున్నే బెంచీ మీద కూర్చుని చూస్తుంటే నొప్పి పిక్కలో కాదు, కడుపులో ఉండేది. వాళ్ళు ఓడిన రోజున ఇంటికి వెళ్ళి ఇంకో దోసెడు ఎక్కువ తినేవాణ్ణి. దేవుడి పటం ముందు నిలబడితే సిగ్గేసేది, అయినా మర్నాడు మళ్ళీ అదే.

ఐదో వారంలో తోడల్లుడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అన్నయ్యా, మన వేళ్ళ గుర్తులు పొడుగుకి నువ్వు నేర్పు. నేను చెబితే ఎక్కడం లేదు. నువ్వయితే ఓపిగ్గా చెబుతావు."

సర్వీసు చేసేవాడు చెయ్యి వీపు వెనక పెట్టి, తర్వాత ఎవరు ఎటు వెళ్ళాలో వేళ్ళతో చూపించాలి. ఆ గుర్తులు మేమిద్దరం వర్షం పడి ఆట ఆగిపోయిన ఒక పొద్దున షెడ్డులో కూర్చుని కల్పించుకున్నవి. ఇంకెవరికీ తెలియవు. అవి కూడా ఇచ్చేయమంటున్నాడు.

సరేనన్నాను. ఒక వేలు, రెండు వేళ్ళు సరిగ్గానే చెప్పాను. గుప్పిట దగ్గరికి వచ్చేసరికి నాలుక తిరిగింది. గుప్పిట అంటే ఎడమవైపు సర్వీసు చేసినవాడిది, కుడివైపు జోడీది. నేను తిప్పి చెప్పాను. పొడుగు రెండుసార్లు వల్లించి, "మీరు చెబితే ఇట్టే అర్థమైందండీ," అని నమస్కారం పెట్టాడు.

మర్నాడు మూడో ఆటలో తోడల్లుడు గుప్పిట చూపించాడు. ఇద్దరూ ఎడమవైపుకే పరుగెత్తారు. పొడుగు మోచెయ్యి తగిలి తోడల్లుడు పడ్డాడు. లేవబోతే మోకాలు నిలవలేదు.

"తప్పు నాదే, నేనే సరిగ్గా గుర్తు పెట్టుకోలేదు," అంటున్నాడు పొడుగు, అంత పొడుగు మనిషీ కుంచించుకుపోయి. నేను ఐసు తెచ్చి ఇచ్చాను. నోరు మాత్రం విప్పలేదు.

ఆ రోజు మెట్టు మీద పదిహేను నామాల దగ్గరే ఆగిపోయాను. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తోడల్లుడు కాలు దిండు మీద పెట్టుకుని ఉన్నాడు.

"గుప్పిట నేనే తప్పు చెప్పాను."

"మర్చిపోయావా?"

"లేదు. కావాలనే."

నీళ్ళు తెచ్చిన మరదలు గ్లాసు నా ముందు పెట్టి, వెనక్కి తీసుకుని, మళ్ళీ పెట్టింది.

"నేను పడాలనా?"

"పాయింట్లు పోవాలని. నాలుగు పోతే నన్ను తలుచుకుంటావని."

అతను ఐసు సంచీ అటూ ఇటూ సర్దుకున్నాడు. "రోజూ తలుచుకుంటూనే ఉన్నాను అన్నయ్యా, పొడుగు విసుక్కునేంతగా. ఇక మానేస్తాలే."

మూడు వారాల్లో అతని మోకాలు బాగుపడింది. నా పిక్కకి ఇంకో నెల పడుతుందంది ఫిజియోథెరపీ ఆవిడ. మోకాలు బాగవ్వాలని నేనే మొక్కుకున్నాను, తీరా నాకంటే ముందు బాగైతే మళ్ళీ కడుపు మండింది. ఆ మంటతోనే మెట్టు మీద నూట యాభైకి వెళ్ళాను. ఒక్క రోజూ మానలేదు. నాచేత మడమలు ఎత్తించింది నామమా, ఆ మంటా? మంటే అయితే దాన్ని దేవుడు లెక్కలోకి తీసుకుంటాడా? ఇప్పటికీ తెలియదు.

నెల తర్వాత రాకెట్ పట్టుకుని కోర్టుకి వెళ్ళాను. తోడల్లుడు బూటు లేసు కట్టుకుంటూ తలెత్తకుండానే అన్నాడు.

"ఇవాళ పొడుగుతో ఆడు. రేపటి సంగతి రేపు. గుర్తులన్నీ మార్చేశాం, అతన్నే అడుగు."

పొడుగు నన్ను నెట్ పక్కకి తీసుకెళ్ళాడు. నేను చేసింది తెలిసే ఉంటుంది, అయినా మొహంలో ఏ కోపమూ లేదు. చెయ్యి వీపు వెనక పెట్టి, వెనక్కి తిరిగి నిలబడి, ఒక్కొక్కటే చూపించాడు. "చూపుడు వేలు అంటే మీరు వెనక్కి. బొటనవేలు అంటే కుడికి. చెయ్యి తెరిస్తే ఎడమకి. అర్థమైందా అండీ, మళ్ళీ చూపించనా?"

"మళ్ళీ చూపించు," అన్నాను.

అతను మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. వేళ్ళు చూడాల్సిన నేను ముందుకి వెళ్ళి అతని మొహం చూస్తున్నాను, నిజమే చెబుతున్నాడా అని.