కల్లంలో కలిసిన పసుపు

పద్మలత ముప్పై ఒక్క ఏళ్లు హైదరాబాద్‌లో రోమన్ న్యాయశాస్త్రం బోధించింది. ఆ ముప్పై ఒక్క ఏళ్లలో సొంత ఊరు ఆర్మూర్‌లో ఆ శాస్త్రం గురించి ఆమెను ఒక్క మాట అడిగిన పాపాన పోయినవారు లేరు. మొదట్లో సెలవులకు వచ్చినప్పుడు, "లా సదివినవు గద బిడ్డా, మా భూమి కేసు జర జూడు" అంటూ వచ్చేవారు. ఆమె చదివింది ఎప్పుడో కూలిపోయిన రాజ్యపు చట్టమని తెలిశాక జాలిగా చూసి వెళ్లిపోయేవారు. బీడీలు చుట్టి చదివించిన తల్లి రాధాబాయి మాత్రం పోయేదాకా "లాయర్లకే నా బిడ్డ సదువు చెప్తది" అని వాడంతా చెప్పుకుంది. ఆ మాట గుర్తొస్తే పద్మలతకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

సిస్టర్ ఎస్తేరు అనే ముసలి నన్ దగ్గర లాటిన్ నేర్చుకుని, ఆ రోమన్ చట్టంలోని ఆరంటే ఆరు వాక్యాల మీద ఆరేళ్లు కూర్చుని డాక్టరేట్ తెచ్చుకున్న మనిషి ఆమె. ఇద్దరి ధాన్యం ఇష్టపడి కలుపుకుంటే అది ఉమ్మడి సొత్తు. అనుకోకుండా కలిసిపోతే మాత్రం ఎవరి గింజ వారిదే, హక్కు ఎక్కడికీ పోదు. థీసిస్ సారమంతా ఇంతే. ఆమె రిటైరయ్యే ముందు ఏడాది రోమన్ న్యాయశాస్త్రం పేపర్‌నే సిలబస్‌లోంచి ఎత్తేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారట. రిటైరయ్యాక పుస్తకాల పెట్టెలతో ఆర్మూర్ వచ్చి తమ్ముడు జితేందర్ ఇంట్లో పై వాటాలో దిగింది. జితేందర్ దుబాయ్ వదిలేసి వచ్చి పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము నడుపుతున్నాడు.

మార్చిలో ఒక మధ్యాహ్నం అతను గబగబా మెట్లెక్కి వచ్చాడు.

"అక్కా, నందిపేట్ తొవ్వల కల్లంకాడ పెద్ద లొల్లి అయితున్నది. గంగాదాస్ పసుపు, వెంకవ్వ పసుపు కలిసిపోయినయ్. నువ్వు జర వస్తవా?"

పద్మలత ఎగిరి గంతేసినంత పని చేసింది. ఎదుటివాళ్ల కష్టానికి ఇంత సంబరపడతారా అని తనను తాను తిట్టుకుంటూనే చెప్పులేసుకుంది. ఈ చదువు ఒక్కరికైనా పనికొచ్చేది ఉంటే అది ఈ రోజే అనుకుంది.

ఉడకబెట్టిన పసుపు కొమ్ములు కల్లంలో వారాల తరబడి ఎండాలి. నడుమ వాన వస్తే కుప్ప ఎవరిదని చూడకూడదు, దగ్గరున్నవాళ్లు దగ్గరున్నదాన్ని పోగుచేసి కప్పెయ్యాలి. అది అక్కడి కట్టుబాటు. నిన్న చెప్పాపెట్టకుండా వాన వచ్చినప్పుడు వెంకవ్వ ఇంటి దగ్గరుంది. పక్క కుప్ప గంగాదాస్ పరుగున వెళ్లి ఆమె పసుపును కూడా తన టార్పాలిన్ కిందికి లాగేశాడు. ఒక్క కొమ్ము తడవలేదు గానీ, మూడు బస్తాల మేర రెండూ కలిసిపోయాయి.

కల్లంలో పెద్దమనిషి ముత్తెన్న తీర్పు చెప్పేస్తున్నాడు. "చెరి సగం తీసుకోండ్రి. గింతదానికి పంచాయితేంది?"

డెబ్బై అయిదేళ్ల వెంకవ్వ ఒప్పుకోలేదు. ఆమెది పాత రకం, పొట్టి కొమ్ము, లోపల చిక్కటి రంగు. గంగాదాస్‌ది కొత్త రకం, కొమ్ము పొడుగు, రంగు తక్కువ. "మార్కెట్ల నా కొమ్ము ఇరిచి చూసి నా పేరు చెప్తరు. నా పసుపు నాకు గావాలె" అంది.

"వానకు తడవకుండ కాపాడినందుకు నన్నే దొంగను జేస్తున్నది" అన్నాడు గంగాదాస్.

పద్మలత ముందుకొచ్చి చెప్పింది. వెంకవ్వ ఇష్టపడి కలపలేదు కాబట్టి ఎవరి కొమ్ము వారిదేనని, పదిహేను వందల ఏళ్ల కిందటే ఇలా తేల్చారని క్లాసులో చెప్పినట్టే చెప్పింది. అందరూ నోరు మెదపకుండా విన్నారు. ఆమె జన్మలో అంత బుద్ధిగా విన్న క్లాసు లేదు.

"మంచిగనే ఉన్నది మేడం" అన్నాడు గంగాదాస్. "మరి ఏది ఎవలదో మీరే తీయుండ్రి."

పద్మలత వంగి ఒక పొట్టి కొమ్ము తీసి, "ఇది వెంకవ్వది" అంది. గంగాదాస్ దాన్ని పుటుక్కున విరిచాడు. లోపల వెలిసిపోయిన పసుపు రంగు. పొడుగు కొమ్ము తుంపు అది. కల్లమంతా ఘొల్లుమంది. జితేందర్ కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

ఆ సాయంత్రం ఆమె థీసిస్ తెరిచింది. ఎవరి ధాన్యం ఎలాంటిదో న్యాయమూర్తే తేల్చాలని ఆరో వాక్యం చెబుతోంది. అయిదు వాక్యాల మీద మూడు వందల పేజీలు రాసిన మహాతల్లి దాని మీద రాసింది రెండే రెండు పంక్తులు. తల కొట్టేసినట్టయింది.

మర్నాడు పొద్దున్నే కల్లానికి వెళ్లింది. వెంకవ్వ ఏరితే గంగాదాస్ నమ్మడు, గంగాదాస్ ఏరితే వెంకవ్వ నమ్మదు. మూడు బస్తాలూ అలాగే పడి ఉన్నాయి.

"పెద్దమ్మా, నీ పసుపును ఎట్ల గుర్తుపట్టాల్నో నాకు నేర్పు. గంగాదాస్, నీది నువ్వు నేర్పు. నేనే ఏరుత."

"గంత సదివినదానివి, నీకు నేనేం నేర్పుత బిడ్డా" అంటూనే వెంకవ్వ పక్కన చతికిలబడింది. అన్నిటినీ విరిచి చూస్తే ధర రాదు కాబట్టి గణుపుల మీద వేలు పెట్టించింది, అరచేతిలో బరువు చూపించింది. గంగాదాస్ ముభావంగానే తన కొమ్ముల తుంపులు ఎలా ఉంటాయో చూపించాడు. ఆరు రోజులు పద్మలత ఎండలో కూర్చుంది. నడుం పట్టేసింది, గోళ్లు పచ్చబడ్డాయి. చెరో పక్క రెండు కుప్పలు లేచాయి. ఆమెకు అంతుపట్టనివి నడుమ మూడో కుప్పగా పడుతూ వచ్చాయి.

"ఏదో ఒక దిక్కు ఎయ్యరాదమ్మా" అని ముత్తెన్న విసుక్కున్నాడు.

"నాకు తెలుస్తలేదు. తెల్వనిది ఎట్లేస్త?"

క్లాసులో ఒక్కనాడూ ఈ మాట అనలేదు ఆమె. అనేసరికి ప్రాణం తేలికపడింది.

ఆరో రోజు పని అయిపోయేసరికి మూడో కుప్ప చేటెడు మిగిలింది. గంగాదాస్ దాని ముందు కూర్చుని ఒక కొమ్ము తీశాడు. విరవలేదు. "గిది అవ్వదే" అని వెంకవ్వ కుప్పలో వేశాడు. ఇంకోటి తీసి అదీ అటే వేశాడు.

వెంకవ్వ కాసేపు చూసింది. తర్వాత తానూ ఒకటి తీసి గంగాదాస్ కుప్పలోకి విసిరింది. "గిది గంగాదాస్‌ది."

పద్మలత ఉలిక్కిపడింది. మొదటి రోజు తెలియలేదు గానీ, ఆరు రోజుల తర్వాత ఆమె కన్ను దాన్ని పట్టేసింది. దగ్గర దగ్గర గణుపులు, పొట్టి, బరువు. ముమ్మాటికీ వెంకవ్వదే. ముసలిదానికి ఆ సంగతి తెలియకుండా ఉంటుందా?

వెంకవ్వ తలెత్తి సూటిగా ఆమె కళ్లలోకి చూసింది. "ఏం బిడ్డా, సక్కగనే ఏసిన్నా?"

పద్మలతకు కళ్లు చెమర్చాయి. తప్పని తెలిసీ తన జీవితంలో మొదటి తీర్పు చెప్పింది.

"సక్కగనే ఏసినవ్ పెద్దమ్మా."