పన్నెండున్నర బస్సు

"మీ బస్సు నిన్న రాత్రే వెళ్ళిపోయిందండీ," అన్నాడు ఈశ్వర్ మళ్ళీ.

కౌంటరు అవతల జోగయ్య ససేమిరా ఒప్పుకోలేదు. టికెట్టును అద్దానికి ఆనించి తేదీ మీద వేలు పెట్టాడు. "ఇదేటి బాబూ? పదిహేను. ఈరోజేటి? పదిహేనే. బస్సు రాత్రి పన్నెండున్నరకి. ఇంకా నాస్తా కూడా చెయ్యలేదు నాను. అప్పుడే ఎలిపోయిందంటావేటి?"

"పదిహేనో తేదీ పన్నెండున్నర అంటే, పద్నాలుగో తేదీ రాత్రి భోంచేశాక అన్నమాట. అర్ధరాత్రి దాటగానే తేదీ మారిపోతుంది కదండీ."

"మారితే మారనీ. నాను పడుకొని లేస్తేనే గదా నాకు మారతాది!"

ఈ మాటకు ఏ ప్రోగ్రామింగు పుస్తకంలోనూ జవాబు లేదు. ఈశ్వర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. జోగయ్య రాయపూర్‌లోనే మోవా పేటలో ఉండే రిటైరైన ఫిట్టరు, చెల్లెలి మనవరాలి పెళ్ళికి విజయనగరం వెళ్ళాలి. పెళ్ళి ఎల్లుండి. ఆ మాట ఆయన గట్టిగా చెబుతున్నకొద్దీ పక్కనున్న టైర్ల కొట్టులోంచి మనుషులు తొంగిచూడసాగారు.

"బాబాయ్, ఇలా రండి," అని పిలిచింది పార్సిల్ బల్ల దగ్గర్నుంచి త్రివేణి. "ఈ రాత్రి బండిలో కేబిన్ సీటు ఖాళీ ఉంది. డ్రైవరు పక్కనే. చలేగా, పర్లేదా? పదకొండున్నరకల్లా వచ్చీయండి. కల్ కాదు. ఆజ్, ఇవాళే. ఇంటికెళ్ళి పడుకోకండి, తారీఖు మారిపోద్ది."

జోగయ్య నవ్వేశాడు. త్రివేణి అతని టికెట్టు వెనక ఏదో రాసి, రబ్బరు స్టాంపును సిరాదిండు మీద అద్ది, ఠక్కున కొట్టింది. మనిషి చల్లబడి వెళ్ళిపోయాడు. అరగంటగా ఈశ్వర్ చేయలేని పని ఆమె ఒక్క ముద్రతో చేసేసింది. ఇది ఈశ్వర్‌కు కొత్త కాదు గనక నొచ్చుకోలేదు. నిజం చెప్పాలంటే కాస్త సంతోషపడ్డాడు కూడా.

రాయపూర్ టాటీబంధ్ కూడలిలో, టైర్ల కొట్టుకూ అటుకుల పోహా బండికీ మధ్య ఇరుక్కున్న ఆ ట్రావెల్స్ ఆఫీసులో ఈశ్వర్‌ను అందరూ కంప్యూటర్ బాబు అంటారు. వయసు నలభై ఏడు. పొట్టి మనిషి. తెర మీదికి వంగి వంగి భుజాలు అలాగే ఉండిపోయాయి. బల్ల అంచు ఒరుసుకుని కుడి మణికట్టు కింద నల్లగా కాయ కాసింది. కళ్ళజోడు కాడ విరిగితే ఎర్ర ఇన్సులేషన్ టేపు చుట్టాడు. నల్లది కొందామని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నాడు. నెత్తిన దువ్వుకోవడానికి పెద్దగా ఏమీ మిగలకపోయినా జేబులో దువ్వెన మాత్రం ఉంటుంది.

తండ్రి పార్వతీపురం వైపు నుంచి వచ్చి ధర్సీవా దగ్గర రోలింగు మిల్లులో పనిచేసి పోయాడు. తల్లి పోయాక ఈశ్వర్ మోవాలో మేడ మీద ఒక గదిలో, ఒక స్టవ్వుతో, ఒక మనిషికి సరిపడా గిన్నెలతో ఉంటున్నాడు. పెళ్ళి సంబంధాలు వచ్చిన రోజుల్లో "కల్ చూద్దాం" అనేవాడు. తర్వాత అవి రావడం మానేశాయి. బస్సుల బుకింగు ప్రోగ్రాం మొత్తం అతనే రాశాడు. ఫిబ్రవరికి ఎన్ని రోజులుంటాయో, దీపావళికి ఎన్ని బళ్ళు అదనంగా వేయాలో దానంతట అదే చూసుకుంటుంది. తేదీల విషయంలో ఈశ్వర్ మాటకు యజమాని సేఠ్ కూడా ఎదురు చెప్పడు.

ఒకసారి ఫోను సందేశాలతోనే టికెట్లు ఇవ్వాలని సేఠ్ ముచ్చటపడ్డాడు. ప్రయాణికులు "కల్" అని పంపేవారు. హిందీలో నిన్నా కల్లే, రేపూ కల్లే. కంప్యూటరు ఏమనుకోవాలి? ఈశ్వర్ వారం రోజులు జుట్టు పీక్కుని (అప్పటికి కొంచెం ఉండేది) ఒక సూత్రం కనిపెట్టాడు: సీటు అడిగితే రేపు, తిట్టుంటే నిన్న. అది చక్కగా పనిచేసింది. తెలుగులో రెండు మాటలు విడివిడిగా ఉన్నా, రాయపూర్‌లో పుట్టి పెరిగిన ఈశ్వర్ నోట్లో కూడా అవి రెండూ కలిసి కల్ అయిపోయాయి.

ఇక ఆ పన్నెండున్నర బస్సుది పెద్ద కథ. మొదట్లో ప్రోగ్రాం నడిచే అద్దె సర్వరు ఎక్కడో విదేశంలో ఉండి, ఇంగ్లండు గడియారం పాటించేది. మనకంటే అయిదున్నర గంటలు వెనక. దాంతో పదహారో తేదీ అర్ధరాత్రి పన్నెండున్నర బస్సుకు, పదిహేనో తేదీ సాయంత్రం ఏడు అని టికెట్టు అచ్చయ్యేది. జనం పదిహేను సాయంత్రం ఏడింటికే సామాన్లతో దిగి, అర్ధరాత్రి దాకా దోమలు కొట్టుకుంటూ కంపెనీని వంశవృక్షంతో సహా తిట్టేవారు. కానీ ఒక్కరికి కూడా బస్సు తప్పిపోలేదు.

ఈశ్వర్ ఆ తప్పును భరించలేకపోయాడు. పండగ సెలవులన్నీ ధారపోసి సరిదిద్దాడు. తేదీ సరిగ్గా పడింది, సమయం సరిగ్గా పడింది, ఆ రోజు నుంచి జనానికి బస్సు తప్పిపోవడం మొదలైంది.

"గలత్ ఉన్నప్పుడే బాగుండేదండీ. ఆ అయిదున్నర గంటలు మళ్ళీ పెట్టీయండి," అంది త్రివేణి అప్పట్లో.

"తప్పని తెలిసీ ఎలా పెడతామండీ?" అన్నాడు ఈశ్వర్, నిజంగానే నొచ్చుకుని. చివరికి టికెట్టు అడుగున ఎర్ర అక్షరాలతో 'ఈ బస్సు ముందు రోజు రాత్రే బయలుదేరును' అని అచ్చు వేయించాడు. ఎర్ర అక్షరాలను ఎవరూ చదవరని జోగయ్య ఆ ఉదయమే మరోసారి రుజువు చేశాడు.

త్రివేణి కంప్యూటరును నమ్మదు. ఆమె నమ్మేది రబ్బరు స్టాంపును. అందులో తేదీ, నెల, సంవత్సరం చిన్న చిన్న పట్టీల మీద ఉంటాయి. రోజూ పొద్దున్న రాగానే పిన్నీసుతో తేదీ పట్టీని ఒక అంకె ముందుకు తిప్పుతుంది. అప్పటిదాకా ఆఫీసులో ఇంకా నిన్నే. నలభై దాటిన మనిషి, చామనచాయ, బొటనవేలికి ఎప్పుడూ ఊదారంగు సిరా. భర్త పోయి చాలా ఏళ్ళయింది. అన్న ఇంట్లో ఉంటోంది. కోపం వస్తే హిందీలోకీ, నవ్వొస్తే తెలుగులోకీ మారుతుంది. ఈశ్వర్‌తో ఎక్కువగా తెలుగే మాట్లాడుతుంది.

కిందటి నెల అలా పట్టీ తిప్పుతూనే, తలెత్తకుండా అంది: "బొబ్బిలిలో అక్క టిఫిన్ హోటలు పెట్టింది. వచ్చీమంటోంది. ఇక్కడ నాకెవరున్నారండీ ఆపడానికి? ఆగమని ఎవరైనా అంటే ఆగిపోదును."

ఈశ్వర్ ఆగమనే అనబోయాడు. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. "బొబ్బిలికి మన విశాఖ బండే ఎక్కొచ్చండి. సాలూరు దాటాక రామభద్రపురంలో దిగితే దగ్గర," అనేసింది ఆ నోరు.

ఆ రాత్రి ఆ జవాబును తలుచుకుని అతను దిండులో మొహం దాచుకున్నాడు. అప్పట్నుంచీ అతని దగ్గర ఒక వాక్యం తయారుగా ఉంది. "మీరు వెళ్ళకండి, త్రివేణి గారూ. నా కోసం ఉండిపోండి." స్నానం చేస్తూ పలికి చూశాడు, స్కూటరు మీద హెల్మెట్టులో పలికి చూశాడు. ఎక్కడ పలికినా చక్కగానే వచ్చింది. ఆఫీసు గుమ్మం దాటితేనే రాదు. ఆమె సేఠ్‌కు చెప్పేసింది, లెక్కలు అప్పజెప్పేసింది. ఇక ఏ రోజు వెళుతుందన్నదే మిగిలింది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పాక ధైర్యం చేసి అడిగాడు. "ప్రయాణం ఎప్పుడండీ?"

త్రివేణి అతని వైపు చూసింది. "టికెట్ చేసేసుకున్నానండి. మీ కంప్యూటర్‌లో ఉంది కదా, చూసుకోండి," అని తన డబ్బాలోంచి గోంగూర పచ్చడి సగం అతని మూతలో వేసింది. మామూలుగా ఒక చెంచాయే వేస్తుంది. ఇవాళ డబ్బా ఖాళీ చేసేసింది.

ఈశ్వర్ చేయి కడుక్కుని తెర ముందు కూర్చున్నాడు. ఆమె పేరు కొట్టాడు. తేదీ పదహారు, సమయం 00:30, సీటు కిటికీ పక్కన. ఎర్ర అక్షరాల హెచ్చరిక టికెట్టు కాగితం మీద మాత్రమే పడుతుంది. ఆఫీసు తెర మీద రాదు. అది తేదీలు తెలియని ప్రయాణికుల కోసం పెట్టింది కదా, తనకెందుకు?

పదహారు. అంటే రేపు. రేపు రాత్రి దాకా ఉంటుంది!

అతనికి ఒక్కసారిగా ఊపిరాడింది. ఇంకా ఒక రోజు మొత్తం చేతిలో ఉంది. రేపు పొద్దున్న గడ్డం గీసుకుని, నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని, వేడి జిలేబీ పట్టుకొస్తాడు. ఆమె స్టాంపు తిప్పుతుండగా, జనం రాకముందే చెప్పేస్తాడు. ఇవాళ చెబితే నోటికి గోంగూర వాసన కూడాను. ఆ సాయంత్రమంతా ఈశ్వర్ ఈల వేస్తూ పనిచేశాడు. పార్సిళ్ళు ఎత్తే ఉమేష్ రెండుసార్లు తిరిగి చూశాడు, ఎవరో కొత్త మనిషి వచ్చాడేమోనని.

సాయంత్రం త్రివేణి బల్ల తుడిచింది. టీ కప్పులు కడిగి బోర్లించింది. కుర్చీ మీది దిండును సంచీలో పెట్టుకుంది. మూల నిలబడి స్టాంపుతో, పిన్నీసుతో ఏదో చేసి దాన్ని బల్ల మీద పెట్టింది. ఇవన్నీ ఈశ్వర్ కళ్ళ ముందే జరిగాయి. కళ్ళు చూశాయి గానీ, రేపు పొద్దున్న చెప్పబోయే వాక్యంలో మునిగిన బుర్ర వాటిని పట్టించుకోలేదు.

ఆమె గుమ్మంలో ఆగింది. "ఈశ్వర్ గారూ, నాతో ఏటైనా చెప్పాలాండీ?"

"చెప్పాలండి. చాలా ముఖ్యమైనది," అన్నాడు ఈశ్వర్ ధీమాగా. "కల్ చెప్తాను."

త్రివేణి సంచీ భుజానికి తగిలించుకుంది. "మీ కల్ ఉందే, అది రాబోయేదో అయిపోయిందో నాకెప్పుడూ తెలీలేదండీ," అని చిన్నగా నవ్వి, చెప్పులేసుకుని వెళ్ళింది. ఎంత బాగా మాట్లాడుతుందో అనుకుని ఈశ్వర్ మురిసిపోయాడు. ఆ రాత్రి పదింటికల్లా పడుకుని, ఏళ్ళ తరబడి ఎరగని నిద్రపోయాడు.

పొద్దున్న నీలం చొక్కా, నున్నని గడ్డం, చేతిలో జిలేబీ పొట్లం. పార్సిల్ బల్ల దగ్గర ఎవరూ లేరు. ఉమేష్ చీపురుతో ధూళి ఊడుస్తున్నాడు.

"త్రివేణి గారు ఇంకా రాలేదా?"

ఉమేష్ చీపురు ఆపాడు. "రాత్ కే ఎక్కేసింది కదా బాబూ! ఆ జోగయ్య బాబాయ్ కేబిన్‌లో, దీదీ వెనక సీట్లో. బండి కదిలేదాకా రోడ్డు వైపే చూసింది. ఈశ్వర్ బాబు వస్తాడా అనడిగింది. నేనన్నాను, ఫికర్ చెయ్యకు దీదీ, తారీఖులో ఆయనకి గల్తీ అవ్వదు, పక్కా వస్తాడు అని."

ఈశ్వర్ కుర్చీలో కూర్చున్నాడు. తెర వెలిగించాడు. పదహారు, 00:30. చూస్తూనే ఉన్నాడు. ఒక్క అంకె కూడా తప్పు లేదు. పాత తప్పే ఉండి ఉంటే, పదిహేను సాయంత్రం ఏడు అని కనిపించేది. అతను ఏడింటికే వచ్చి, దోమలు కొట్టుకుంటూ అయిదున్నర గంటలు ఆమె పక్కన కూర్చునేవాడు. అంతసేపట్లో ఎంత పిరికివాడైనా ఒక వాక్యం చెప్పగలడు. ఉమేష్ చూడకుండా కళ్ళజోడు తుడుచుకున్నాడు, చాలాసేపు తుడిచాడు.

ఫోను చేశాడు. బండి ఘాట్ రోడ్డులో ఉన్నట్టుంది, కలవలేదు. మధ్యాహ్నం దాటాక ఫోను తనంతట తానే మోగింది.

"చేరిపోయానండి. జోగయ్య బాబాయ్ దారంతా తేదీల గురించి డ్రైవరుకి క్లాసు తీసుకున్నాడు." వెనక గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "ఏదో కల్ చెప్తానన్నారు?"

వాక్యం అక్కడే ఉంది, నాలుక చివర.

"స్టాంపు..." అన్నాడు ఈశ్వర్. "స్టాంపు ఎక్కడ పెట్టారండీ?"

"బల్ల మీదే," అంది త్రివేణి. "తారీఖు తిప్పే పెట్టాను. మీకు ఇబ్బంది లేకుండా."

ఆ సాయంత్రం ఈశ్వర్ ప్రోగ్రాం తెరిచి, పండగ సెలవుల్లో రాసిన ఆ సవరణను వెతికి పట్టుకుని చెరిపేశాడు. మర్నాటి నుంచి పన్నెండున్నర బస్సు టికెట్ల మీద ముందు రోజు సాయంత్రం ఏడు అని పడసాగింది. జనం ఏడింటికే వచ్చి, దోమలు కొట్టుకుంటూ అర్ధరాత్రి దాకా అతన్ని తిట్టి, అందరూ ఎక్కి వెళ్ళిపోతున్నారు.

పార్సిళ్ళ మీద మాత్రం ఆ నెలంతా ఒకటే తేదీ పడింది. సేఠ్ అరిచాడు. "కల్ తిప్పుతాను సేఠ్‌జీ," అన్నాడు ఈశ్వర్. రబ్బరు స్టాంపు ఆమె పెట్టిన చోటే, పిన్నీసు పక్కన, పదహారు మీద ఉంది.