చైతు మొలతాడు

చైతుకు నీళ్ళు పోసేటప్పుడు ముందు వాడి మొలతాడు కాస్త పైకి జరిపి, దాని కింద ఇరుక్కున్న సబ్బు కడిగేదాన్ని. నల్లదారం తడిగా ఉండిపోతే పసిచర్మం ఒరుసుకుపోతుంది. అందుకని ఒళ్ళు తుడిచాక దారాన్ని తువ్వాలు మధ్య పెట్టి ఒత్తి, దానికి వేలాడే రాగి తాయెత్తును కూడా తుడిచి, పౌడరు అద్ది, అప్పుడు చెడ్డీ తొడిగేదాన్ని. రెండేళ్ళ పిల్లవాడు అంతసేపు ఊరికే నిలబడతాడా? నా భుజాల మీద చేతులు వేసి "కుయ్యీ, కుయ్యీ" అని గెంతేవాడు. నా పేరు కుళ్ళాయమ్మ. వాడి నోటికి అంతే తిరిగేది.

అది బెళ్ళందూరులో పద్నాలుగో అంతస్తు. వర్షిణి మేడం, లలిత్ సార్ ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలు. సార్ వాళ్ళమ్మ మునిలక్ష్మవ్వది ధర్మవరం పక్కన పల్లె. చైతు పుట్టిన నెలలో నేను మొదటిసారి ఆ ఇంటికి పనికి పోయినప్పుడు అవ్వే తలుపు తీసింది. "ఏ ఊరే నీది?" అంది. నార్పల దగ్గర పల్లె అని చెప్పాను. పేరడిగింది. చెప్పగానే "మా కుళ్ళాయిస్వామి పేరు పెట్టుకోనుండావు, లోపలికి రాప్పా" అంది. మా వైపు గూగూడులో కుళ్ళాయిస్వామి అనే పీరుకు మొక్కుకున్న వాళ్ళ పిల్లలకు ఆ పేరు పెడతారు. రెడ్లలోనూ ఉంది, బోయల్లోనూ ఉంది, మాలోనూ ఉంది. ఎవరింటి కుళ్ళాయమ్మవని మా ఊళ్ళో ఎవరూ అడగరు.

వారం గడిచాక, నేను పరుపు ఎండలో వేసి బెత్తంతో కొడుతుంటే అవ్వ చూసింది. "మీరు దూదేకులోళ్ళా?" అంది. "అవునవ్వా" అన్నాను. "అనుకొంటి. మా ఇంట్లో పరుపులన్నీ మీవోళ్ళు ఏకినేవే." గొంతు తగ్గించి, "వాళ్ళతో చెప్పొద్దులే. ఈ కాలం పిల్లోళ్ళకు ఇయ్యన్నీ ఏం తెలుస్తాయి" అంది. నేను దాచింది ఏమీ లేదు. అడగనిది చెప్పలేదు, అంతే. మేడం ఎప్పుడైనా "నీ దగ్గర వీడు ఎంత బాగా తింటాడో కుళ్ళాయీ, నువ్వు మా ఇంటి మనిషివే" అనేది. ఆ మాటకు నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఇంటి మనిషికి వేరే గ్లాసు ఎందుకుంటుందని అడగలేదు.

మాకు ఇంట్లో తెలుగే. ఉర్దూ రాదు. నమాజులో చదివే నాలుగు మాటలు మా ముసలి జేజి నోటి నుంచి విని నేర్చుకున్నవే. మా నాయన మౌలాలి ఊరూరూ తిరిగి దూది ఏకేవాడు. ఏకే విల్లు ధ్వని ఆగినప్పుడల్లా నా పుస్తకం వైపు చూసి, "సంతకం కాదు పాపా, చదవను రావాల. ఎవురడిగినా నాకు చదువొచ్చని తలెత్తి చెప్పు" అనేవాడు. ఊరి బడిలో పదో తరగతి దాకా చదివాను. ఇప్పటికీ కాగితం ముక్క దొరికితే చదవకుండా పారేయను.

ఎండాకాలంలో చైతుకు భయం పట్టుకుంది. మధ్యాహ్నం పడుకోబెట్టిన పావుగంటకే ఉలిక్కిపడి లేచి, ఊపిరి అందనంతగా ఏడ్చేవాడు. డాక్టరు ఏమీ లేదన్నాడు. అవ్వ ఎర్రనీళ్ళు తిప్పింది, ఉప్పు తిప్పింది. మేడం ముఖం పీక్కుపోయింది. చివరికి అవ్వే వంటింట్లోకి వచ్చి, "మీ దర్గా కాడికి పొయ్యి మంత్రిచ్చుకోని ఒక తాయెత్తు తేవే. మా లలిత్‌కూ చిన్నప్పుడు ఇట్లనే ఉంటే మసీదు కాడనే కట్టిచ్చినా" అంది. మా బిడ్డ జరీనాకు కూడా ఏడాది కిందట నేను అక్కడే కట్టించాను. గురువారం పొద్దున రెండు బస్సులు మారి దర్గాకు పోయి, చక్కెర చదివించి, తాయెత్తు తెచ్చాను. అవ్వ తన చేతులతోనే మనవడి మొలతాడుకు కట్టింది. ఆదివారం మేడం నీళ్ళు పోస్తూ చూసి అడిగితే అవ్వ ఉన్నది చెప్పింది కూడా. మేడం ఆ చిన్న రాగి గొట్టాన్ని రెండు వేళ్ళతో తిప్పి చూసి, "నిద్రపోతున్నాడు కదా, ఉండనీండి అత్తయ్యా. లలిత్‌తో మాత్రం అనకండి, లెక్చర్ ఇస్తాడు" అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఇంట్లో నాకు గుర్తున్న మంచి రోజు అదే.

మూడు నెలలు చైతు నిద్రపోయాడు.

అప్పుడు ఎక్కడో దూరాన ఒక నగరంలో బాంబు పేలింది. చనిపోయిన వాళ్ళను టీవీలో చూసి నేను కూడా ఏడ్చాను. ఒకామె చేతిలో పిల్లవాడి పాలసీసా ఉంది. ఆ శనివారం పనికి పోతే గేటు దగ్గర బల్ల వేసుకుని చిక్కమునియప్పన్న కూర్చుని ఉన్నాడు. సెక్యూరిటీలో పెద్దవాడు. పనివాళ్ళందరి వివరాలూ మళ్ళీ రాస్తున్నాడు. నా ఆధార్ కార్డు చూసి తండ్రి మౌలాలి, భర్త నబీరసూల్ అని రాశాడు. కలం ఆగింది.

"ఏనమ్మా ఇది! నువ్వు మావోళ్ళే అనుకొంటి గదమ్మా."

"ఇప్పుడేమైందన్నా?"

"మూడు ఎండాకాలాలు నీ చేతి మజ్జిగ తాగినా. ఇప్పుడు కక్కేకి కూడా ఐతాదా?" అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను. కానీ నా ఫారం మాత్రం మిగతా వాటితో కలపకుండా పక్కన పెట్టాడు. "సెక్రెటరీ వచ్చేదంక ఆడ కూకోమ్మా. మీటింగులో అట్ల చెప్పినారు, నన్ను తిట్టుకోవద్దు." నాతో వచ్చిన వాళ్ళందరూ లోపలికి పోయారు. బైకులు పెట్టే చోట బెంచీ మీద గంటకు పైగా కూర్చున్నాను. పైన చైతు పాల వేళ దాటిపోతోందని నా ధ్యాస.

నేను లేని ఆ గంటలోనే చైతు చెడ్డీ పాడు చేసుకున్నాడు. మేడం ఆఫీసు ఫోనులో ఉంది. అవ్వ దేవుడి గదిలో ఉంది. వేరే దారి లేక లలిత్ సార్ కొడుకును కడగాల్సి వచ్చింది. మూడు నెలలుగా వాడి నడుముకు ఉన్న తాయెత్తును కన్నతండ్రి అప్పుడే మొదటిసారి చూశాడు.

సెక్రెటరీ వచ్చి లోపలికి వదిలాక నేను పైకి పోయి తలుపు తోసేసరికి భోజనాల బల్ల మీద పేపరు పరచి ఉంది. దాని మీద తెగిన నల్లదారం, పక్కన చాకు. సార్ చాకు మొనతో తాయెత్తు మూతికున్న మైనం గీకుతున్నాడు. మేడం ఫోను చెవి దగ్గర నుంచి దించి నిలబడింది. లోపలి నుంచి చుట్టిన సన్నని కాగితం బయటికి వచ్చింది. గళ్ళు, గళ్ళలో అరబ్బీ అక్షరాలు.

"ఎవరు కట్టారిది?"

"నేను తెచ్చాను సార్. బాబుకు భయం పోవాలని."

"ఏం రాసుంది? చదువు."

"నాకు రాదు సార్."

"నీ భాష నీకు రాదా?"

"నా భాష తెలుగు సార్."

ఆయన నవ్వాడు. "యాక్ట్ చెయ్యకు. గేటు నుంచి ఫోనొచ్చింది నాకు. ఇన్నేళ్ళు మమ్మల్ని చీట్ చేశావ్. మా అబ్బాయి ఒంటి మీద ఏం కట్టావో తెలీదంటే ఎవరు నమ్ముతారు?"

అవ్వ చెప్పింది సార్, అనడానికి నోరు తెరిచాను. అవ్వ దేవుడి గది గుమ్మంలో హారతి పళ్ళెం పట్టుకుని ఉంది. చూపు గచ్చు మీద నుంచి లేవలేదు. మేడం వైపు చూశాను. "నేనెప్పుడూ గమనించలేదు లలిత్" అంది మేడం. ఆదివారం ఆదివారం ఆ పిల్లవాడికి నీళ్ళు పోసే తల్లి అంది ఆ మాట. నేను తెరిచిన నోరు మూసుకున్నాను. మంచితనంతో కాదు. నేను చెప్పినా ఆయన నమ్మేది వాళ్ళిద్దరినే. పైగా ఆ ముసలామె ముఖంలో ఉన్న భయం నాకు బాగా తెలిసినది. కొడుకు ఇంట్లో ఒక మంచమంత చోటులో ఆమె బతుకుతోంది. నేను సాయంత్రమైతే ఇంటికి పోతాను. ఆమెకు పోవడానికి ఇల్లు లేదు.

సార్ ఆ కాగితాన్ని ఫోటో తీసి అపార్టుమెంటు గ్రూపులో పెట్టాడు. ఎవరికైనా చదవడం వస్తే చెప్పమని రాశాడట. నాతో మాత్రం, "ఇది రిలీజియన్ గురించి కాదు, ట్రస్ట్ గురించి. నాకూ ఫ్రెండ్స్ ఉన్నారు మీవాళ్ళు. రేపట్నుంచి రావద్దు" అన్నాడు. చైతు నా కొంగు పట్టుకుని ఉన్నాడు. మేడం వంగి వాడి వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసింది. నన్ను తాకకుండా విడదీయడానికి చాలాసేపు పట్టింది.

సర్జాపుర రోడ్డు వెనక రేకుల ఇళ్ళలో మాది ఒక గది. వంట మొదలుపెట్టి విషయం చెప్పాను. మా అత్త అన్నది ఒకటే, "పని పోతే పొయింది, చారులో ఉప్పు యాల తక్కువైంది?" నబీరసూల్ పరుపుల అంగట్లో దూది నింపే పని చేస్తాడు. ఏడాదిగా శుక్రవారం మసీదులో చెప్పే బయానులు వినడానికి పోయి వస్తున్నాడు. నేను దర్గాకు పోయానన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"తాయెత్తులు కట్టేది దేవునికి సాటి తెచ్చేదని ఎన్ని మార్లు చెప్పినా నీకు? వాళ్ళు తరిమింది సరే, అల్లా కాడ ఏం జవాబు చెప్తావే?"

జరీనా గౌను ఎత్తి చూపించింది. "నాకూ ఉండాది నాయనా!"

"నా బిడ్డ ఒంటి మీద ఉండేది నాకే తెలీదా?" అని అరిచాడు.

ఏడేళ్ళలో ఒక్కరోజు నీళ్ళు పోసుంటే తెలిసేది. ఆ మాట నాలుకదాకా వచ్చింది. చారులో ఉప్పు వేశాను.

"తెంపెయ్. నీ మాదిరి చదవరాని ముసల్మాను కాకూడదనే దాన్ని అరబ్బీకి పంపిస్తా ఉండేది" అన్నాడు. కుళ్ళాయమ్మ అంటే ముసల్మానని ఎవరికీ తెలియదని, తెలిసే పేరు ఉండాలని జరీనా పేరు కూడా ఆయనే పెట్టాడు. నేను తాయెత్తు తెంపలేదు. ఆయన కోపాన్ని నేను ద్వేషించలేకపోయాను కూడా. ఆ మరుసటి రోజు ఏడాదిగా పెంచిన గడ్డం పొట్టిగా కత్తిరించుకుని వచ్చాడు. అంగట్లో దుమ్ముకు దురద పెడుతోందన్నాడు.

బుధవారం పొద్దున బట్టలు ఆరేస్తుంటే ఫోను మోగింది. నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు. బచ్చలింట్లో కొళాయి తిప్పి మాట్లాడుతోంది మునిలక్ష్మవ్వ.

"కుళ్ళాయీ, నేనే. పిల్లోడు మళ్ళా ఉలికిపడతా ఉండాడు. మూడు దినాలాయ. ఇంకొకటి మంత్రిచ్చుకోని రావే. గేటు కాడికి వద్దు, బస్టాపు కాడ నిలబడు. నేనే వచ్చి తీసుకుంటా. ఈ తూరి దిండు గలేబులో పెట్టి కుడతా, ఎవురికీ కనపడదు."

నా మీద పడ్డ నింద గురించి ఆమె ఒక్క మాట అనలేదు. "దర్గాకు మీరే రండవ్వా. నేను తోడొస్తా. అక్కడ ఎవరూ పేరడగరు" అన్నాను.

"అయ్యో, నేనెట్ల వస్తానే ఆడికి? ఎవురన్నా చూస్తే?"

చూస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఎవరో తలుపు కొట్టినట్టున్నారు, ఫోను పెట్టేసింది.

సాయంత్రం జరీనా బడి నుంచి వచ్చింది. నీళ్ళు పోస్తూ, మొలతాడు పైకి జరిపి, సబ్బు కడిగాను. అలవాటుగా దారాన్ని తువ్వాలులో పెట్టి ఒత్తాను. తర్వాత కత్తెర తెచ్చి తెంపేశాను. ఆయన చెప్పినందుకు కాదు. బళ్ళో ఆటల టీచరు, ఆసుపత్రిలో నర్సు, రేపు ఎవరైనా ఈ గౌను ఎత్తి చూడవచ్చు. చేతిలోని రాగి గొట్టం నా వేలి వేడికి వెచ్చబడింది. పారేయడానికి మనసు రాక గూట్లో పెట్టాను. పొయ్యి దగ్గరికి పోయి వచ్చేలోపల జరీనా దాన్ని తీసి, గోటితో మైనం పెకిలించి, కాగితం మోకాళ్ళ మీద పరుచుకుని కూర్చుంది.

"అమ్మా, ఇది నాకొచ్చు!"

చూపుడువేలు కుడి నుంచి ఎడమకు జరుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదువుతోంది. తప్పు పోయిన చోట ఆగి, తలూపి, మళ్ళీ మొదటి నుంచి అందుకుంటోంది. చిన్నప్పుడు నేనూ దూది నలకలు ఎగిరే మా వసారాలో అలాగే తెలుగు వాచకం చదివేదాన్ని. నాకు రాదంటే వాళ్ళు నమ్మలేదు. నా బిడ్డకు వచ్చు. ఈ పిల్లను రేపు ఏదో ఒక బల్ల ముందు నిలబెట్టి చదవమంటే, ఇంతే సంతోషంగా, ఒక్క అక్షరం తప్పు లేకుండా చదివి వినిపిస్తుంది.

తలుపు దగ్గరగా వేసి వచ్చి జరీనా ముందు కూర్చున్నాను. కాగితం మీది వేలిని నా చేతిలోకి తీసుకున్నాను.

"జరీనా, ఎవురన్నా అడిగితే నాకు చదువు రాదని చెప్పు."

"వచ్చు కదమ్మా?"

"రాదని చెప్పు."

నేను చెప్పినట్టే పలికేదాకా, మళ్ళీ మళ్ళీ అనిపించాను.