చంద్రి గిట్టలు, సిద్దమ్మ చెప్పులు

తెల్లారి లేస్తూనే సిద్దమ్మకు మొదటి పని చంద్రికి నానిన ఉలవలు పెట్టడం. చంద్రి ఆమె గుర్రం, పెండ్లి ఊరేగింపులకు బాడుగకు పోతుంది. ఉలవలు చూసిందా, దాని గిట్టలు నేల విడిచి జానెడు పైకి లేస్తాయి. అందుకే మేతగంప స్టూలు మీద పెడుతుంది. పెండ్లి మేళం విన్నా అంతే, పెండ్లికొడుకుతో సహా గాల్లోనే నడుస్తుంది. ఎమ్మిగనూరు ఆడవాళ్ళు హారతిపళ్ళెం కొంచెం ఎత్తి పడతారు.

కొత్తగా వచ్చిందల్లా ఆదాయపన్ను నోటీసే. సిద్దమ్మ మూడేండ్లుగా తన విత్తనాల అంగడి లాభంలో గుర్రం నష్టం తీసేసి లెక్క చూపిస్తోంది. గుర్రం వ్యాపారమైతే సరే. సరదా అని తేలితే పన్నంతా జరిమానాతో కట్టాలి, అందుకు చంద్రినే అమ్మాలి.

"వ్యాపారమని చెప్పమ్మా, ఇంకేం మాట్లాడొద్దు" అని ఆదోని ఆడిటరు పవమాన్ పదిసార్లు చెప్పినాడు.

ఆఫీసరు మహేంద్ర ఇంటికే వచ్చి కాగితాలు తిరగేసినాడు. "ఒక్క లాడం బిల్లూ లేదేమమ్మా?"

"నేల తొక్కితే కదా సార్ అరిగేది."

ఆయన తలాడించి రాసుకున్నాడు. "మరి ఈ ఏడు జతల చెప్పులు? మీ ఆడిటరు కొట్టేసినాడు."

"అవి నావి సార్. గుర్రం కర్సేమో అని పెట్టినా."

"నష్టమొస్తున్నా ఎందుకు మేపుతున్నారు?"

సిద్దమ్మ నోరు ఊరుకుంటే కదా. "అదంటే నాకు పానం సార్."

ఆయన పెన్ను 'సరదా' గడి దగ్గరికి పోయి ఆగింది. "రేపు పని చూసి రాస్తా" అన్నాడు.

మర్నాడు గోనెగండ్ల పక్క పల్లెలో పెండ్లి. రాత్రి వానకు నల్లరేగడి దారి బురదై, గుర్రాన్ని తెచ్చిన వ్యాను రోడ్డు మీదే ఆగిపోయింది. చంద్రి దూరపు మేళానికి మెడ ఊపుకుంటూ జానెడెత్తున కులాసాగా పోతోంది. ముందు సిద్దమ్మ, కళ్ళెం పట్టుకుని, ఒక్కో కాలే బురదలోంచి పీక్కుంటూ. సగం దారిలో చెప్పు తెగింది. దాన్ని చేత పట్టుకుని నడిచింది.

పెండ్లింటి దగ్గర, పని చూడ్డానికి వెంట వచ్చిన మహేంద్ర వెనక్కి తిరిగి చూసినాడు. తను గట్టు మీద నడిచినాడు కాబట్టి దారిలో ఉన్నవన్నీ ఆమె అడుగులే. గిట్ట గుర్తు ఒక్కటీ లేదు.

"సరదా గుర్రానిదమ్మా" అన్నాడు. "పని మీది."

అక్కడే నిలబడి 'వ్యాపారం' గడిలో టిక్కు పెట్టి, కొట్టేసిన చెప్పుల బిల్లులు మళ్ళీ ఖర్చులో కలిపినాడు.

సిద్దమ్మ పగిలిన తన మడమల వైపు, ఆ దారి వైపు చాలాసేపు చూసింది. కండ్లనీళ్ళు వచ్చినాయి.

"ఇంత నడిచినానని నాకే తెలీదు సార్" అంది.