ఎడంచేతి మెలిక

కట్టలక్కకి మరిదంటే మొదటినుంచీ ఒళ్లు మంట. చెల్లెలి మొగుడు కాబట్టి గుమ్మంలోకి రానిచ్చేది గానీ, వాడి ఇస్త్రీ చొక్కా చూస్తేనే మొహం తిప్పుకునేది. వాడు చిప్స్ కంపెనీలో మేనేజరు. ఊరంతా ఆ చిప్స్ తిని పారేసిన ప్యాకెట్లు, లోపల వెండిలా మెరిసేవి, చివరికి వచ్చి కట్టలక్క పాత సామాన్ల షెడ్డులోనే పడేవి. సీసాలు కొంటారు, అట్టలు కొంటారు, పాల కవర్లూ కొంటారు. వీటిని మాత్రం ఊరికే ఇస్తానన్నా ఎవడూ ముట్టడు.

ఆ గుట్ట పెరిగి పెరిగి షెడ్డు దూలాల్ని తాకింది. ఒక్క నిప్పురవ్వ పడితే అంతా బుగ్గే. మున్సిపాలిటీ ఆఫీసరు వచ్చి, నెలాఖరుకి ఇది ఖాళీ కాకపోతే తాళం వేస్తానని చెప్పిపోయాడు. తాళం పడితే ఆవిడ నోట్లోనే కాదు, అక్కడ చెత్త ఏరి బతికే ఆడవాళ్లందరి నోట్లోనూ మట్టి కొట్టినట్టే.

సరిగ్గా అప్పుడు కొత్త చట్టం వచ్చింది. ప్యాకెట్లు చేసి అమ్మినవాళ్లే వాటిని వెనక్కి తీసుకుని ఒక దారి చూపించాలట. మరిది పరుగెత్తుకొచ్చాడు.

"వదినా, మీ ప్యాకెట్లన్నీ మేం తీసుకుంటాం. మీరు కట్టలు కట్టి ఉంచండి, చాలు."

"నా ప్యాకెట్లేంటి? నేనేమన్నా తిన్నానా? అవి నీ కంపెనీవి."

"ఎవరివైతే ఏంలే వదినా, అంతా ఇంట్లోవాళ్లమేగా."

ఆ మాటకి వాడి చెంప పగలగొట్టాలనిపించింది. కానీ షెడ్డు తాళం గుర్తొచ్చి, కట్టుతీగ తెమ్మని ఆడవాళ్లని కేకేసింది.

కట్టలు కట్టడంలో ఆవిడ దారి వేరు. ఆ పేరు వచ్చిందే అందుకు. కట్టలు నొక్కే ప్రెస్సులో పడి కుడిచేతి వేళ్లు నలిగినప్పటినుంచీ తీగ ఎడంచేత్తోనే మెలిపెడుతుంది. అందరి మెలికా ఒక వైపు తిరిగితే ఆవిడది రెండో వైపు. తెలియనివాళ్లు విప్పబోతే ఇంకా బిగుస్తుంది. "నీ కట్టు కూడా నీ బుద్ధిలాగే అడ్డంగా ఉంటుందక్కా" అని షెడ్డులో ఆడవాళ్లు ఏడిపిస్తారు.

లారీ వచ్చింది. కట్టల ముందు నిలబడి మరిది ఫొటోలు దిగాడు. సగం గుట్ట వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కట్టలక్క చెల్లెలికి ఫోన్ చేసి, మీ ఆయన నేననుకున్నంత వెధవేం కాదే అంది. ఆవిడ నోట అంతకంటే పెద్ద పొగడ్త రాదు.

వారం తిరక్కుండా చెల్లెలే ఫోన్ చేసింది. మాట కంటే దగ్గే ఎక్కువ వినిపించింది. "మా ఇంటి వెనక క్వారీ గుంటలో ఎవరో ఏదో తగలబెడుతున్నారక్కా. తలుపులేసుకున్నా ఊపిరాడట్లేదు."

కట్టలక్క వెళ్లి ఆ గుంటలోకి దిగింది. మసి, కరిగి గడ్డకట్టిన నల్లటి ముద్దలు, వాటి మధ్య కాలని తీగలు. ఒకటి తీసి చూసింది. మెలిక తను తిప్పే వైపే తిరిగి ఉంది. ఇంకోటి లాగింది. అదీ అంతే. కోపం తన్నుకొచ్చింది.

ఆ తీగలు తెచ్చి, భోంచేస్తున్న మరిది కంచం పక్కన విసిరేసింది.

"ఇవేనా నువ్వు తీసుకుంటానన్నవి?"

వాడి మొహం పాలిపోయింది. ఎక్కడ పోశారో నిజంగానే వాడికి తెలియదు. అయినా నోరు మాత్రం తగ్గలేదు. "లారీ ఎక్కించేదాకే మా బాధ్యత వదినా. తర్వాతంతా కాంట్రాక్టరుది. వాడేం చేశాడో నాకేం తెలుసు?"

"నీ పెళ్లాం దగ్గుతోంది. అదైనా తెలుసా?"

"గొడవ చెయ్యకండి. రేపు రెండో లారీ రావాలా, వద్దా? షెడ్డు మీది, మీ ఇష్టం."

లోపలి గదిలోంచి దగ్గు వినిపిస్తూనే ఉంది. కట్టలక్క గుమ్మం దిగి వచ్చేసింది.

మర్నాడు అదే లారీ, అదే డ్రైవరు. మిగిలిన కట్టలన్నీ ఎక్కించి, వాటిమీద ఆడవాళ్లని కూర్చోబెట్టి, తను డ్రైవరు పక్కన కూర్చుంది.

"గుంటకి కాదు. కంపెనీకి పోనీ."

"అమ్మా, నా ఉద్యోగం పోతుంది."

"గుంటలో అగ్గిపుల్ల గీసినప్పుడు గుర్తురాలేదా ఉద్యోగం?"

వాడు బండి తిప్పాడు.

కంపెనీ గేటు ముందు కట్టలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చారు. గేటు రెక్కలు రెండూ కలిపి కట్టలక్క తీగ చుట్టి, ఎడంచేత్తో తాపీగా మెలిపెట్టింది. లోపల్నుంచి మరిది రొప్పుతూ వచ్చాడు.

"వదినా, ఏంటీ పని? ఇక మీ షెడ్డుకి మా లారీ రాదు! రెండు నెలల్లో మళ్లీ నిండుతుంది, తాళం పడుతుంది, చూసుకోండి!"

"నిండితే మళ్లీ ఇక్కడికే తెస్తా. తీసుకుంటామన్నది మీరేగా, తీసుకోండి."

వాడు ఊచల మధ్యలోంచి చేతులు పెట్టి, అందరూ విప్పే వైపే తీగని తిప్పాడు. బిగుసుకుంది. పళ్లు కొరుకుతూ ఇంకా గట్టిగా తిప్పాడు. వేలు తెగింది గానీ తీగ వదల్లేదు.

ఎటు తిప్పాలో కట్టలక్క చెప్పలేదు. కట్టల నీడన చతికిలబడి చెల్లెలికి ఫోన్ కలిపింది.

"బట్టలు సర్దుకుని నా దగ్గరికి వచ్చెయ్యవే. మీ ఆయన ఇవాళ ఇంటికి రావడం ఆలస్యమవుతుంది."