కొవ్వొత్తి పూసిన డబ్బాలు

దేవుడి పెట్టెలో పడే కానుక ఎక్కడినుంచి వచ్చిందో దేవుడు అడుగుతాడా, అడగడా అన్న అనుమానం కాంతమణికి చాలా ఏళ్లుగా ఉంది. చిన్నప్పుడు బందరు దగ్గర వాళ్ల ఊళ్లో సారా కాంట్రాక్టరు ఒకాయన చర్చికి గంట చేయించి ఇచ్చాడు. ఆ గంట మోగగానే కాంతమణి తల్లి చీర కొంగు సర్దుకుని ఆరాధనకు బయల్దేరేది. రాత్రి ఆ కాంట్రాక్టరు సారాయే తాగిన తండ్రి మాత్రం మంచం దిగేవాడు కాదు. గంట చక్కగా మోగేది. అందులో ఎవరి పాపమూ వినిపించేది కాదు. పెద్దయ్యాక ఒకసారి పాస్టరుగారిని అడిగితే, "దేవుడు హృదయాన్ని చూస్తాడమ్మా" అన్నారు. ఆమె తలూపింది. అనుమానం మాత్రం పంటి సందులో ఇరుక్కున్న పీచులా ఉండిపోయింది.

ఇప్పుడు చిలకలగూడలో ఆమె సంఘానికీ ఒక అవసరం వచ్చిపడింది. పాస్టరుగారి ఇంటి కప్పు కారుతోంది. వాన మొదలైతే అయ్యగారు ప్రసంగం రాసుకునే బల్లను ఒక మూల నుంచి ఇంకో మూలకు ఈడ్చుకుంటున్నారు. స్త్రీల సమాజానికి పెద్ద కాంతమణే. ఊరగాయలు పెట్టి అమ్మారు, ఇంటింటికీ తిరిగి పాత పేపర్లు పోగుచేసి అమ్మారు. ఏదీ ఏ మూలకూ చాలలేదు. సరిగ్గా అప్పుడు వెంకటరత్నం వచ్చాడు.

తెల్లచొక్కా, నుదుట కుంకుమబొట్టు, మాట ముందు నవ్వు. పాత సామాన్ల వ్యాపారమట, ఏ.ఎస్. రావు నగర్ అవతల గోడౌనట.

"పేపర్లలో ఏముందమ్మా? ఖాళీ పురుగుమందు డబ్బాలు తెప్పించండి. మీకు పల్లెల్లో సంఘాలున్నాయిగా. మూత పోకుండా, లేబుల్ చిరగకుండా, శుభ్రంగా కడిగిస్తే మంచి ధర ఇస్తా. కరిగించి బకెట్లు పోస్తాం."

"కరిగించేదానికి లేబుల్ ఎందుకండీ?" అంది కాంతమణి.

"ఏ రకం ప్లాస్టిక్కో తెలియొద్దూ!" అని నవ్వాడు వెంకటరత్నం.

నిజమే కాబోలు అనుకుంది. అవసరంలో ఉన్నవాళ్లకు ఏ జవాబైనా జవాబులాగే ఉంటుంది.

జనగామ అవతల ఒక పల్లెలో భద్రయ్య అనే రైతు ఉన్నాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేస్తాడు. అక్కడి చిన్న సంఘానికి అతనే పెద్ద. కాంతమణి కబురు పెట్టగానే దేవుడి పని అన్నాడు. చేలగట్ల మీద, వాగుల్లో, పెంటకుప్పల మీద రైతులు పారేసిన డబ్బాలు ఏరి, గోనెసంచుల్లో కుక్కి ప్యాసింజరు బండిలో తెచ్చేవాడు. ఆ సంచుల కంపుకి బోగీలో జనం అతన్ని తలుపు దగ్గరికి నెట్టేవారట. అది కూడా నవ్వుతూనే చెప్పేవాడు.

శనివారం శనివారం చర్చి వెనక కుళాయి దగ్గర ఆడవాళ్లు కూర్చుని ఆ డబ్బాలు కడిగేవారు. చేతులకు పాలకవర్లు కట్టుకునేవారు. ముక్కుకు కొంగు చుట్టుకునేవారు. అయినా ఆ వాసన గొంతులో దిగి, ఆదివారం ప్రభువు బల్ల దగ్గర రొట్టె నోట్లో పెట్టుకున్నా పోయేది కాదు. లేబుళ్లు తడిసి ఊడిపోతుంటే ఉపాయం కనిపెట్టింది మేబెల్. అల్వాల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చే మేబెల్‌కి నోరూ ఎక్కువే, బుర్రా ఎక్కువే. క్రిస్మస్‌కి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు చర్చి బీరువాలో పడి ఉన్నాయి. వాటిని లేబుల్ మీద గట్టిగా రుద్దితే నీళ్లు అంటవు.

"చూశావా కాంతం, తామరాకు మీద నీటిబొట్టు లాగా ఎలా జారిపోతోందో! నన్ను ఆ వెంకటరత్నం ఉద్యోగంలో పెట్టుకోవాలి," అనేది మేబెల్. అందరూ నవ్వేవారు. పాటలు పాడుకుంటూ లేబుళ్లకు మైనం రుద్దేవారు. వెంకటరత్నం డబ్బాలు చూసి మురిసిపోయాడు. ఇంత శుభ్రమైన సరుకు ఇంకెక్కడా దొరకదన్నాడు. "ఒకసారి మీ అయ్యగారిని తీసుకొచ్చి మా గోడౌన్లో ప్రార్థన చేయించండమ్మా. ఏ దేవుడైతేనేం, చల్లగా చూడాలి" అని కూడా అన్నాడు.

ఆ యేడు పత్తికి పచ్చపురుగు పడింది.

దసరా వెళ్లిన వారం భద్రయ్య వచ్చాడు. ఈసారి గోనెసంచి లేదు. చంకలో చిన్న చేతిసంచి ఒక్కటే ఉంది. ముఖం పీక్కుపోయి ఉంది.

"వందనాలమ్మా. గిది జెర సూడుండ్రి" అని సంచిలోంచి మందు డబ్బా ఒకటి తీసి వసారా అరుగు మీద పెట్టాడు. "పేరున్న కంపెనీ మందని దుకాణపాయన ఇచ్చిండు. కొట్టిన. పురుగు సావలేదు. మల్ల కొట్టిన. సచ్చుడు కాదమ్మా, బలిసింది. కాయ కాయకు తొలిసి లోపటున్నది. ఊరంత గిదే కత. మీకు పట్నంల పెద్దోళ్లు ఎరుక కద, ఎవరికన్న సూపియ్యండ్రి. ఇంక సగం చేనన్న దక్కుతదేమొ."

కాంతమణి డబ్బా చేతిలోకి తీసుకుంది. లేబుల్ చదువుదామని బొటనవేలితో దుమ్ము తుడిచింది. వేలు జారింది. మళ్లీ రుద్దింది. గోటి కింద తెల్లటి పొడి చేరింది. పక్కనే ఉన్న చెంబులోంచి నీళ్లు తీసి చిలకరించింది. నీళ్లు పూసల్లా జారి కిందపడ్డాయి.

"ఏందమ్మా, ఏమైంది?"

ఆమె లోపలికి పరుగెత్తి దొడ్లో వాంతి చేసుకుంది.

మర్నాడే వెంకటరత్నం మనుషులు సరుకు కోసం రావాలి. చర్చి వరండాలో కడిగి ఆరబెట్టిన డబ్బాల సంచులు గోడకు చేరేసి ఉన్నాయి. అవి ఎక్కడికి వెళతాయో కళ్లతో చూడకుండా ఒకరిని అనకూడదనుకుంది కాంతమణి. మేబెల్‌ని పిలిపించింది. భద్రయ్యను వెంటబెట్టుకుని ముగ్గురూ ఆటో ఎక్కారు. గోడౌను దగ్గర దిగి, మీరడిగిన ప్రార్థనకు స్థలం చూద్దామని వచ్చామంది కాంతమణి. వెంకటరత్నం చెప్పులు కూడా తొడుక్కోకుండా ఎదురొచ్చాడు.

రేకుల షెడ్డు. లోపల అడుగు పెట్టగానే కిరసనాయిలు, కుళ్లిన ఉల్లిపాయలు కలిసినట్టు ఒక కంపు మొహాన కొట్టింది. మధ్యలో నీలం డ్రమ్ము. ఒకడు బొంగు కర్రతో గోధుమరంగు నీళ్లు కలుపుతున్నాడు. పైన నురగ, నురగలో ఈగలు. కొన్ని ఈగలు ఇంకా రెక్కలు కొట్టుకుంటూనే ఉన్నాయి. డ్రమ్ము అంచుకు నిమ్మకాయల దండ, పక్కన దేవుడి పటం, అగరొత్తులు. గోడ వారన కూర్చుని ఆడవాళ్లు గరాటాలతో డబ్బాల్లోకి పోస్తున్నారు. ఒకావిడ కారిన మందును పైటతో తుడిచి, అదే పైటతో మొహం తుడుచుకుంది. ఆ డబ్బాలు కాంతమణికి తెలుసు. ఏ డబ్బాకి ఏ మూల సొట్ట ఉందో కూడా తెలుసు.

"కూల్ డ్రింకు తీసుకోండమ్మా," అన్నాడు వెంకటరత్నం.

భద్రయ్య డ్రమ్ములోకి తొంగిచూశాడు. "ఇదా సార్ మందు?"

వెంకటరత్నం అతన్ని ఎగాదిగా చూశాడు. కూలివాడనుకున్నాడో ఏమో, దాచనైనా దాచలేదు. "ఉత్త నీళ్లేం కాదు, అసలు మందు కొంచెం పడుతుందిలే. వాసనుంటే రైతుకు తృప్తి. ఇంకో మాట చెప్పనా అమ్మా? అసలు మందు తాగి ఊళ్లలో ఎంతమంది పోతున్నారు! మా మందు తాగినవాడు ఒక్కడూ చావలేదు. రెండు విరేచనాలై లేచి కూర్చుంటాడు. ఆ పుణ్యం ఎవరిది?"

చెప్పి పకపకా నవ్వాడు. డ్రమ్ము కలిపేవాడు కూడా నవ్వాడు.

"పుణ్యమేనయ్యా," అంది మేబెల్. "ఆ కూల్ డ్రింకు పక్కన పెట్టి, ఇందులోంచి ఓ గ్లాసు నువ్వు పట్టు. మేం ప్రార్థన చేస్తాం."

వెంకటరత్నం నవ్వు ఆగిపోయింది. ముగ్గురూ బయటికి నడిచారు. చిలకలగూడ సందు మొదట్లో భద్రయ్య ఒక్క మాట అన్నాడు: "పెంటకుప్పల మీదికెల్లి నేనేరిన డబ్బానే మల్ల నా చేనుకొచ్చిందమ్మా. దేవుని పేరు మీద ఏరిన."

 దేవుడు హృదయాన్ని చూస్తాడన్న మాట కాంతమణికి గుర్తొచ్చింది. దేవుడు చూస్తే చూశాడు, పురుగైతే ఎవరి హృదయాన్నీ చూడలేదు కదా అనుకుంది. అలా అనుకున్నందుకు భయపడింది కానీ, ఆ మాటను వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

సాయంత్రం చర్చిలో సెక్రటరీ ఆర్థర్ గారు తల పట్టుకున్నారు.

"అమ్మా, తొందరపడకండి. మనం ఇవ్వకపోతే వాడికి డబ్బాలు దొరకవా? ఈ ఒక్క లోడు పోనివ్వండి. వచ్చే డబ్బు ఇంటి కప్పు రేకులకు సరిపోతుంది. తర్వాత మానేద్దాం."

"ఈ ఒక్క లోడు ఎవరి చేలో పడుతుందండీ?" అంది కాంతమణి మెల్లగా.

"అది మన చేతుల్లో లేదు కదమ్మా."

"ఇప్పటికి మన వరండాలోనే ఉంది."

"మరి అయ్యగారి ఇల్లు?"

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న అయ్యగారి భార్య ముందుకొచ్చింది. ఆవిడ సమావేశాల్లో నోరు విప్పడం ఎవరూ చూడలేదు. "కారే చోట పెట్టుకోవడానికి మాకు గిన్నెలున్నాయి అన్నయ్యగారూ" అంది. లోపలికి వెళ్లి, కొబ్బరికాయలు కొట్టుకునే సుత్తి, గుప్పెడు మేకులు పట్టుకొచ్చింది.

ఆర్థర్ గారు కాసేపు అటూ ఇటూ చూసి, చొక్కా చేతులు మడిచారు.

డబ్బాకు అడుగున ఒక మేకు, పక్కన ఒక మేకు. ఇక అందులో ఏదీ పొయ్యడానికి ఉండదు. మేబెల్ వంటింటి కత్తితో లేబుళ్లు చీల్చింది. మైనం పూసిన కాగితం సాఫీగా చిరగదు. గీకాలి. "ఎవరు రుద్దారే తల్లీ ఇంత గట్టిగా!" అని తన్ను తానే తిట్టుకుంది. ఎంత కడిగినా అడుగున మిగిలిన మందు చుక్కలు మేకు దిగిన చోటల్లా చింది చేతుల మీద, చీరల మీద పడ్డాయి. పాలకవర్లు చిరిగిపోయాయి. ఒకరి దగ్గర ఒకరు నిలబడలేనంత కంపు. అయినా ఎవరూ లేచి వెళ్లలేదు. గోడౌను సంగతంతా కాంతమణి భర్త రిచర్డ్ కాగితం మీద పెట్టాడు. పొద్దున్నే భద్రయ్య తెచ్చిన డబ్బాతో సహా వ్యవసాయాధికారుల దగ్గరికి తీసుకెళతానన్నాడు. అంత త్వరగా చేనుకు మేలేదైనా జరుగుతుందని భద్రయ్యకు ఆశ లేదు. అయినా సంతకం పెట్టాడు. పల్లెలో ఇక ఎవరి డబ్బా అయినా మేకు దించాకే పారెయ్యమని చెబుతానన్నాడు.

పని అయ్యాక అతను కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని, స్టేషనుకు పోతానన్నాడు.

"భోంచేసి వెళ్లు, భద్రయ్యా," అంది కాంతమణి.

నాలుగేళ్ల కిందట భద్రయ్య మొదటిసారి కొత్త కందిపప్పు మూట తెచ్చి ఇంట్లో ఇచ్చినప్పుడు, ఈసారి వచ్చినప్పుడు మా ఇంట్లో భోంచెయ్యాలి అని మాటిచ్చింది ఆమె. ఆ తర్వాత డబ్బాల సంచులతో ఎన్నిసార్లు వచ్చాడో! వచ్చినప్పుడల్లా వసారా మీదికే టీ వెళ్లేది. కారణం వాసన. ఆ సంగతి అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు.

"వద్దమ్మా, ఒళ్లంత కంపు కొడుతున్నది. లోపటికెట్లొస్త?"

"నా దగ్గర మాత్రం ఏం కొడుతోంది, అత్తరా?" అంది కాంతమణి. "రా, చల్లారిపోతుంది."

భోజనాల బల్ల దగ్గర రిచర్డ్ కుర్చీ జరిపి అతన్ని కూర్చోబెట్టాడు. కాంతమణి అన్నం పెట్టి, పప్పు పోసి, తనూ ఎదురుగా కూర్చుంది. ఎంత సబ్బు రుద్దినా చేతికి ఆ వాసన అలాగే ఉంది. మొదటి ముద్ద నోటి దాకా తెచ్చి కాసేపు ఆగింది. భద్రయ్య కూడా ఆగి ఆమెనే చూస్తున్నాడు.

కళ్లు మూసుకుని మింగింది. అప్పుడు అతనూ తినడం మొదలుపెట్టాడు.

"పప్పు ఇంక జెర ఎయ్యమ్మా," అన్నాడు కొంతసేపటికి.