కుట్టు విప్పే మీట

మంగళవారం, శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ టీచర్ వచ్చేది. చెప్పులు గుమ్మం పక్కన విడిచి, సంచి కుర్చీకి తగిలించి, "ఏం పెద్దమ్మా, మొన్నటి పాఠం గుర్తుందా?" అనేది.

"పొద్దున తిన్నదే గుర్తుండదు, మొన్నటి పాఠమా?" అనేది కుట్టు పెద్దమ్మ. అని, ఒక్క తప్పు లేకుండా పాఠమంతా అప్పజెప్పేది.

టీచర్‌కి నలభై ఎనిమిదేళ్ళు. అరవై దాటినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఒక్కొక్కరికే కంప్యూటర్ నేర్పడం ఆమె పని. ఈ పనికి చదువుకన్నా ఓపిక ఎక్కువ కావాలి, అది ఆమెకి బస్తాల కొద్దీ ఉంది. ఒకాయన మౌస్‌ని తెరకి ఆనించి ఇస్త్రీ చేసినట్టు తోసినా ఆమె నవ్వలేదు.

కుట్టు పెద్దమ్మ యాభై ఏళ్ళు వీధి మొత్తానికీ బట్టలు కుట్టింది. డెబ్బై నాలుగో ఏట చేతులు వణకడం మొదలైంది, చూపు మసకబారింది. కళ్ళు పూర్తిగా పోకముందే తనకు తెలిసిన కత్తిరింపు పనంతా రాసి కోడలి చేతిలో పెట్టాలని కంప్యూటర్ కొనిపించుకుంది. కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే ఇత్తడి తొడుగుతోనే టైపు చేసేది. తీసెయ్యమంటే, "అది లేకపోతే వేలికి ధైర్యం చాలదు" అనేది. ఆవిడ పుస్తకం ఇలా మొదలవుతుంది: "కొలత తీసేటప్పుడు మనుషులు ఊపిరి బిగబడతారు. మాటల్లో పెట్టి నవ్వించి, అప్పుడు కొలవాలి."

మూడో పాఠంలో టీచర్ రెండు మీటలు చూపించింది. "ఈ రెండూ కలిపి నొక్కితే చివర చేసిన పని వెనక్కి పోతుంది."

"కుట్టు విప్పడమన్నమాట" అని పెద్దమ్మ నొక్కింది. తప్పు పడిన అక్షరం పోయింది. ముచ్చటేసి ఇంకోసారి నొక్కింది. టీచర్ తాగేసిన టీ కప్పులోకి తిరిగొచ్చి పొగలు కక్కింది.

"ఒకసారి నొక్కితే చాలు పెద్దమ్మా" అని టీచర్ ఆ టీ మళ్ళీ తాగింది.

ఆ గదిలో ఏం జరిగినా ఆ మీటలకు విప్పుకునేది. అయితే కుట్లు విప్పే పద్ధతే దానికీను. చివరి కుట్టు ముందు విప్పాలి, మధ్యలోది లాగితే రాదు. విప్పాక కూడా సూది దిగిన చోటు కనిపించినట్టు, జరిగింది మనుషులకు గుర్తుండేది. ఒకసారి పక్కింటావిడ పగిలిన అద్దం పట్టుకొచ్చింది. "మీ ఇంట్లో పగిలింది ఇక్కడ అతకదమ్మా, ఈసారి మా ఇంటికొచ్చి పగలగొట్టుకో" అని పంపించేసింది పెద్దమ్మ. కంప్యూటర్ ఆపేస్తే మాత్రం అప్పటిదాకా పడిన కుట్లు ఇక విప్పుకునేవి కావు. అందుకని ఆవిడ దాన్ని ఎప్పుడూ ఆపేది కాదు. "ఆపాల్సి వస్తే పద్ధతిగా ఆపండి, గోడ స్విచ్ మాత్రం ముట్టుకోకండి" అని టీచర్ ప్రతి పాఠంలోనూ మొత్తుకునేది.

ఒక శుక్రవారం టీచర్ వచ్చి, సంచి కుర్చీకి తగిలించకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఏమైందమ్మాయ్?"

"కళ్ళజోళ్ళాయన రేపు వెళ్ళిపోతున్నారట పెద్దమ్మా. కొట్టు ఎవరికో అప్పగించి, తమ్ముడి దగ్గరికి."

వీధి చివరి కళ్ళజోళ్ళ కొట్టు ఆయనది. టీచర్ దగ్గర నేర్చుకునేవాళ్ళందరికీ తెర చూడ్డానికి అద్దాలు అమర్చేది ఆయనే. ఆ వంకన ఇద్దరికీ మాటలు కలిశాయి. ఇద్దరికీ ఇంటికెళ్తే పలకరించేవాళ్ళు లేరు.

"వెళ్తే నీకేం?" అంది పెద్దమ్మ, తెలియనట్టు.

టీచర్ ఫోన్ చూపించింది. మూడు వారాల కిందట ఆయన రాశాడు: "ఇకమీదట సాయంత్రాలు మీతో గడపాలని ఉంది. మీకూ ఇష్టమైతే పెళ్ళి చేసుకుందాం." దాని కింద ఆమె జవాబు: "వద్దండీ. ఈ వయసులో నలుగురూ నవ్వుతారు."

పెద్దమ్మ ఫోన్‌ని ముక్కు దగ్గర పెట్టుకుని చదివింది. "ఈ వీధిలో ఆ నలుగురి కొలతలూ నా దగ్గరున్నాయి. ఒకళ్ళ చొక్కా ఇంకొకళ్ళకి పట్టదు. ఆయనంటే నీకిష్టమేనా?"

"ఇష్టమే." టీచర్ కళ్ళు తుడుచుకుంది. "వద్దన్న నోటితో మళ్ళీ అడగడానికి మొహం చెల్లడం లేదు. ఆ ఒక్క మాట వెనక్కి వస్తే బాగుండును."

"ఎక్కడ కూర్చుని పంపావు?"

"ఇక్కడే. మీరు కాలర్ గురించి రాస్తూ కామా కోసం వెతుకుతున్నప్పుడు."

పెద్దమ్మ కుర్చీ కంప్యూటర్ వైపు జరుపుకుంది. ఆ కామా తర్వాత తొమ్మిది పేజీలు రాసింది. మిగిలిన చూపులో సగం వాటికే అయిపోయినట్టు ఆవిడకు అనిపించేది.

టీచర్‌కి అప్పుడు అర్థమైంది. "వద్దు పెద్దమ్మా! పోనీ ముందు కాపీ తీద్దాం."

"ఈ గదిలో తీసిన కాపీ కూడా విప్పుకుంటుందిగా. వద్దు వద్దనడం నీకు అలవాటైపోయింది" అని పెద్దమ్మ ఇత్తడి వేలితో నొక్కడం మొదలుపెట్టింది.

చివరి పేజీ ముందు పోయింది. మొన్న మార్చిన బల్బు మళ్ళీ మాడిపోయింది. పెద్దమ్మ మడిచి కుట్టిన కర్టెన్ అంచు విప్పుకుని వేలాడింది. టీ కప్పు నిండుతూ, ఖాళీ అవుతూ ఉంది. జేబుల పేజీలు పోయాయి, చేతుల పేజీలు పోయాయి. కాలర్ పేజీ కామా దగ్గరికి వచ్చి ఆగింది. టీచర్ ఫోన్‌లో జవాబు మాయమై ఆయన ప్రశ్న ఒక్కటే మిగిలింది.

కాసేపటికి ఫోన్ మోగింది. ఆయన రాశాడు: "సామాను కడుతూ చూశాను. మీరు వద్దన్నట్టు గుర్తు. గుచ్చుకున్నట్టూ గుర్తే. తీరా చూస్తే జవాబే లేదు. ఆగమంటారా, వెళ్ళమంటారా?"

టీచర్ ఊపిరి బిగబట్టింది. ఎంతమందికో టైపు నేర్పిన వేళ్ళు అక్షరాల మీద కదలకుండా నిలబడిపోయాయి.

"ఆయన నడుము ముప్పై ఎనిమిది" అంది పెద్దమ్మ. "అడిగితే ముప్పై నాలుగంటాడు. ఆ ఒక్క అబద్ధం తప్ప మనిషి మంచివాడు."

టీచర్ ఫక్కున నవ్వింది.

"ఆఁ, ఇప్పుడు రాయి."

టీచర్ "ఆగండి" అని రాసి పంపించింది.

పెద్దమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచి, నెమ్మదిగా నడిచి, గోడ స్విచ్ ఆపేసింది. తెర నల్లబడింది.

"అయ్యో! విప్పినవాటిని మళ్ళీ తెచ్చుకునే మీట కూడా ఉంది పెద్దమ్మా, వచ్చేవారం నేర్పుదామనుకున్నాను. మీ పేజీలు వచ్చేసేవి!"

"వాటికన్నా ముందు నీ 'వద్దండీ' వచ్చేది."

టీచర్ ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇత్తడి తొడుగు వెచ్చగా ఉంది.

"ఇంక చాల్లే" అంది పెద్దమ్మ. "మంగళవారం ఆయన్ని కూడా తీసుకురా. నా కళ్ళజోడు వదులైంది. కాలర్ దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెడదాం."